బందరు బజారు నుండి మన అంగడి దాకా

బందరు అనే మాట మనకు ఒక ఊరిపేరుగానే తెలుసు. బందరు లడ్డు, బందరు కాలువ అంటూ నిత్యం వాడుతూనే ఉంటాము గాని ఆ మాటకు అర్థమేమిటని ఆగి ఆలోచించము. అది ఫారసీ మాట. రేవు అని దాని అర్థం. మచిలీపట్నం అంతటి గొప్ప రేవు గనుక దానికి వేరే పేరుతో పని లేకుండా ‘రేవు’ అన్న పేరే స్థిరపడిపోయినది. మా కాగజ్‌నగర్ పేరులోని ‘కాగజ్’ కూడా ఫారసీ నుండి వచ్చినదే. ఒకప్పటి కొత్తపేట కాగితపు మిల్లు వచ్చిన తరువాత కాగితం పేరునే తన పేరుగా ధరించినది. ఒకటి రేవు పేరున వెలసిన ఊరు, మరొకటి కాగితం పేరున వెలసిన ఊరు.

ఇదే మాట హిందూ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున కూడా వినిపిస్తుంది. ఆఫ్రికా తూర్పు తీరంలో మాట్లాడే స్వాహిలీ భాషలో రేవును ‘బందారి’ అంటారు. అక్కడ అంగడి ‘దూకా’, మన దుకాణమే. లెక్క ‘హెసాబు’, మన హిసాబే. త్రాసు ‘మీజాని’, పుస్తకం ‘కితాబు’, కలం ‘కలాము’, మధ్యవర్తి ‘దలాలి’, డబ్బు ‘పెసా’. ఆ భాష పేరు కూడా తీరం అనే అర్థమున్న ‘సాహిల్’ అనే అరబ్బీ మాట నుండి పుట్టినదే. మా మదరసాలో ఇబ్నె బతూతా యాత్రావిశేషాలు చెప్పే రోజున ఈ మాటలను పలకమీద వరుసగా రాస్తే పిల్లల ముఖాలు వికసించినవి. వేల మైళ్ళ దూరాన ఎన్నడూ చూడని మనుషులు మన అంగడి మాటలనే మాట్లాడుతున్నారన్న ఊహ వారికి ఎంతో నచ్చినది.

“హజ్రత్, ఆ బజార్లను మనం చూడలేమా?” అని ఒక విద్యార్థి అడిగాడు. లామూ, మొంబాసా, జాంజిబారు మా బోటి మదరసా స్తోమతకు అందేవి కావు. అయితే ఆ తీరంతో ఒకే సముద్రాన్ని, ఒకే వ్యాపార మర్యాదను పంచుకున్న రేవులు మన తెలుగు తీరంలోనే ఉన్నవి. అందుచేత పై తరగతి విద్యార్థులు ఏడుగురిని వెంటబెట్టుకొని, కాజీపేట మీదుగా విజయవాడకు రైలులోను, అక్కడినుండి బస్సులోను బందరుకు, ఆ పిదప మోటుపల్లికి వెళ్ళి వచ్చాము. అక్కడ చూసినవాటిని, వాటి వెంట మాకు తట్టిన ఆలోచనలను ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

రెండు తీరాలు, ఒకే గాలి

మన భాషలో మోసం అంటే వంచన. అరబ్బీలో ‘మౌసిమ్’ అంటే రుతువు. ఉర్దూలో మౌసమ్, స్వాహిలీలో ‘ముసిము’, ఆంగ్లేయుల నోట మాన్‌సూన్ అయిన మాట అదే. శీతకాలంలో ఈశాన్యం నుండి వీచే గాలి ఓడలను అరేబియా, భారత తీరాల నుండి ఆఫ్రికా వైపు తీసుకువెళ్ళేది. వేసవి నుండి నైరుతి వైపు తిరిగిన గాలి వాటిని మళ్ళీ ఇంటికి చేర్చేది. స్వాహిలీ నావికులు మొదటిదానిని ‘కస్కాజి’ అని, రెండవదానిని ‘కూసి’ అని పిలుస్తారు. గాలి మారేవరకు వర్తకుడు పరాయి రేవులో నెలల తరబడి ఆగక తప్పదు. ఆగినవాడికి తలదాచుకొనే ఇల్లు, సరుకు దాచే గిడ్డంగి, నమాజుకు మసీదు, మాట నమ్మే మనిషి కావాలి. ఆ తీరాల నాగరికత అంతా ఈ నిరీక్షణ నుండి పుట్టినదే.

దాదాపు రెండు వేల ఏండ్ల కిందట ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ అనే నౌకాయాన గ్రంథం ఈ రెండు తీరాలను ఒకే దారి మీద చూపుతుంది. ఆఫ్రికా తీరంలో చిట్టచివరి వ్యాపార కేంద్రం రాప్టా అనీ, అక్కడ దంతమూ తాబేటి చిప్పలూ దొరుకుతాయనీ చెప్పిన ఆ గ్రంథమే, మన కృష్ణాతీర ప్రాంతాన్ని మసాలియా అని పేర్కొని అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని చెబుతుంది. అప్పటికి ఇస్లాం ధర్మం అరేబియాలో వెలుగు చూడలేదు. తరువాతి శతాబ్దాలలో ఆ దారుల వెంటనే ముస్లిం వర్తకులు వచ్చారు. లామూ దీవుల సమూహంలోని షాంగా అనే చోట పురావస్తు శాస్త్రజ్ఞులు జరిపిన తవ్వకాలలో 8వ శతాబ్దానికి చెందిన చిన్న కొయ్య మసీదు ఆనవాళ్ళు బయటపడినవి. సైన్యం ఏదీ అక్కడికి వెళ్ళలేదు. వెళ్ళినది వర్తకుడు, వాని వెంట వాని నమాజు, వాని తూకం.

ఇబ్నె బతూతా 1331లో ఆ తీరానికి వెళ్ళాడు. మొగదిషు రేవులో ఆయన చూసిన ఒక ఆచారాన్ని మా విద్యార్థులు ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడుగుతారు. ఓడ లంగరు వేయగానే ఊరి యువకులు చిన్న పడవలలో ఎదురువచ్చేవారు. ప్రతివాని చేతిలో మూతపెట్టిన భోజన పాత్ర ఉండేది. ఆ పాత్రను ఒక వర్తకునికి అందించి, ఈయన మా అతిథి అని ప్రకటించేవారు. ఆనాటినుండి ఆ వర్తకుడు ఆ ఇంటివాడే. అతిథి సరుకును ఆ ఇంటివారే అమ్మిపెట్టాలి, అతనికి కావలసినది వారే కొనిపెట్టాలి. ఎవరైనా అతిథిని మభ్యపెట్టి మరీ తక్కువ ధరకు కొన్నా, ఇంటి యజమాని లేని సమయంలో బేరం కుదుర్చుకున్నా ఆ బేరం చెల్లదు. మొంబాసాలో ఆయన చూసినది మరింత చిన్న విషయం. అక్కడి మసీదులు చక్కని కొయ్య కట్టడాలు. ప్రతి మసీదు వాకిట బావి, తోడుకొనే పాత్ర, కాళ్ళు తుడుచుకోవడానికి ముతక చాప ఉండేవట. చిన్న విషయమే గాని, వచ్చేవాని కాళ్ళ దుమ్మును గురించి ముందుగా ఆలోచించిన ఊరది.

లామూ, జాంజిబారుల పాత ఇండ్ల ముందు ‘బరాజా’ అనే రాతి తిన్నెలు ఉంటాయి. దారినపోయేవాడు కూర్చొని మాట్లాడే చోటది. అచ్చంగా మన ఊళ్ళలోని అరుగు. ఇప్పుడు కట్టే ఇండ్లకు ప్రహరీ ఉంటుంది, గేటు ఉంటుంది, అరుగు మాత్రం ఉండదు.

బందరులో చూసినది

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు తూర్పుతీరంలోని గొప్ప రేవులలో ఒకటి. ఇక్కడినుండి ఓడలు ఎర్ర సముద్రానికి, పారశీక తీరానికి, అరకానుకు, మలయా దీవులకు సాగేవి. ఇరాను వర్తకులు ఇక్కడ స్థిరపడినారు. అటువంటి ఇరానీలలో ఒకడైన మీర్ జుమ్లా ఓడల యజమానిగా ఎదిగి గోల్కొండ రాజ్యానికే మంత్రి అయ్యాడు. డచ్చివారు 17వ శతాబ్దం తొలి ఏండ్లలోనే వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఆంగ్లేయులు, తరువాత ఫ్రెంచివారు వచ్చారు. వారి వెంట కత్తీ ఫిరంగీ వచ్చినవి. ఆఫ్రికా తీరంలో అంతకు ముందే, 1505లో, పోర్చుగీసు నౌకలు కిల్వాను, మొంబాసాను దోచుకున్నవి. గాలికి ఎదురుచూసే వర్తకం పోయి ఫిరంగితో శాసించే వర్తకం వచ్చినది.

బందరు వైభవాన్ని మనుషులు కొంత, సముద్రం కొంత హరించినవి. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతో ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది. రేవు ఒండ్రుతో పూడుకుపోయినది. ఇప్పుడు డచ్చివారి పాత సమాధుల దగ్గర నిలబడితే ఇంత ప్రపంచం ఇక్కడికి ఎందుకు వచ్చినదా అని విస్మయం కలుగుతుంది. రాళ్ళపై పేర్లు మిగిలినవి. వారు తెచ్చిన బంగారం, కొన్న బట్టలు, వేసుకున్న లెక్కలు ఏమీ మిగలలేదు.

రేవు చిన్నదైనా చేతిపని చావలేదు. దగ్గరలోనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకం చేసే ఒక వృద్ధుడు మాకు పని అంతా ఓపికగా చూపించారు. టేకు చెక్కపై చెక్కిన అచ్చులు వారి ఆస్తి. బట్టను ముందుగా కరక్కాయ రసం, పాలు కలిపి తడిపి ఎండబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టి నల్లరంగు తీస్తారు. ఎరుపు నిలవడానికి పటిక అద్దుతారు. పారే నీటిలో ఉతికి ఎండబెట్టడం మళ్ళీ మళ్ళీ సాగుతుంది. టేకు, కరక్కాయ రెండూ మా ఆదిలాబాదు అడవులలో పెరిగేవే గదా అని మా పిల్లలు సంబరపడినారు. అడవిలో ఏరినవాని చెమట సముద్రం దాటి వెళ్ళిన బట్టలో ఉన్నదన్న సంగతి వారికి ఆ అచ్చుల ముందు అర్థమైనది.

“మిషను మీద అచ్చువేసిన గుడ్డను కూడా కలంకారీ అనే అమ్ముతున్నారు, మౌల్వీ గారూ” అన్నారాయన. “అమ్ముకోమనండి, వాళ్ళ పొట్ట వాళ్ళది. కాకపోతే మిషను గుడ్డ అని చెప్పి అమ్మమనండి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్లనే మా పని రేటు పడిపోతున్నది.”

మరునాడు చిలకలపూడి నగల దుకాణాలకు వెళ్ళాము. రోల్డుగోల్డు నగలకు ఆ పేరు ఎంతగా స్థిరపడినదో తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. “ఇది నకిలీ బంగారం గదా హజ్రత్, ఈ వ్యాపారం ధర్మసమ్మతమేనా?” అని ఒక పిల్లవాడు అక్కడే అడిగాడు. దుకాణదారుడు నవ్వి, “బాబూ, మేము బంగారమని ఎప్పుడు చెప్పాము? పూత ఎంతకాలం ఉంటుందో కూడా చెప్పే అమ్ముతాము” అన్నాడు. మా ఫిఖ్‌హ్ పాఠం అంతా ఆ జవాబులో ఉన్నది. సరుకు తక్కువది కావడం నేరం కాదు, దాని లోపాన్ని కప్పిపుచ్చడం నేరం. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలినది. వాన వల్ల తడిసినదని అమ్మేవాడు చెప్పగా, తడిసినదానిని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడన్నారు. బందరులో రోల్డుగోల్డు అమ్మే ఆ దుకాణదారుడు తన తడి గింజలను పైనే ఉంచాడు. మేలిమి బంగారం అమ్ముతూ తూకంలో దండుకొనేవాని కంటే అతడే పరిశుద్ధుడు.

మోటుపల్లి అభయం

బందరు నుండి తీరం వెంట దక్షిణానికి వెళితే ఇప్పటి బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర మోటుపల్లి ఉన్నది. ఈనాడు అదొక చిన్న పల్లె. కాకతీయుల కాలంలో మహారేవు. మార్కో పోలో ‘ముత్ఫిలి’ అన్నది దీనినే. అక్కడి వీరభద్రాలయంలోని శాసనస్తంభాన్ని చూడాలన్నది మా కోరిక. ఊరివారొకరు మమ్మల్ని సాదరంగా తోడ్కొని వెళ్ళి చూపించారు. పాత లిపి మాకు చదవ రాలేదు. అక్కడి బడిపంతులు గారు దాని భావం వివరించారు.

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45లో వేయించిన అభయశాసనం అది. దాని సారాంశమిది: గాలివానకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవారికి ధనం ప్రాణం కంటే మిన్న. కనుక మేము దయతోను, కీర్తికొరకు, ధర్మంకొరకు, న్యాయమైన సుంకం తప్ప తక్కినదంతా వారికే వదిలివేస్తున్నాము. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు వంటి సరుకులకు వేర్వేరు రేట్లు కూడా రాతిపైనే చెక్కించారు. ఎవరు వచ్చినా చూసుకోవచ్చు, అధికారి ఎక్కువ అడిగితే రాతిని చూపవచ్చు. శతాబ్దం గడిచిన పిమ్మట, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు.

ఇబ్నె బతూతా మలబారు తీరాన్ని గురించి కూడా ఇటువంటి మాటే రాశాడు. అక్కడ ఓడ విరిగితే సరుకు రాజు ఖజానాకు పోయేది; ఒక్క కోళికోడులో మాత్రం యజమానులకే దక్కేది. ఆ ఊరు అంత వర్ధిల్లడానికి కారణం అదేనని ఆయన అభిప్రాయం. ఆపదలో ఉన్నవాని సొమ్ము ముట్టని ఊరికే లోకం తరలివస్తుంది. గణపతిదేవుడు మన ధర్మాన్ని అనుసరించినవాడు కాదు. అయినా నిస్సహాయుని సొమ్మును గురించి ఆయన రాతిమీద చెక్కించిన న్యాయం ముందు మేము, మా విద్యార్థులు గౌరవంతో నిలబడినాము. న్యాయం ఎక్కడ కనబడినా దానిని గుర్తించడం విశ్వాసి లక్షణం.

దాచరాని మచ్చ

స్వాహిలీ బజార్లను పొగడి ఊరుకుంటే మేము కూడా తడి గింజలను అడుగున దాచినవారమవుతాము. ఆ బజార్లలో దంతం, లవంగాలతోపాటు మనుషులనూ అమ్మారు. అమ్మినవారిలో, కొన్నవారిలో నమాజు చేసేవారు ఉన్నారు. జాంజిబారు బానిసల బజారు 1873లో, బ్రిటిషువారి ఒత్తిడి మీద సుల్తాను బర్గష్ ఒప్పందానికి తలవంచిన తరువాత గాని మూతపడలేదు. బానిసకు విముక్తి కలిగించడాన్ని మహాపుణ్యంగా చెప్పిన గ్రంథాన్ని చదివేవారు, అంతకంటే ముందుగా తామే ఆ బజారును మూయవలసినది. మూయలేదు. లాభం రుచి మరిగినవానికి ధర్మశాస్త్రంలో తనకు అనుకూలమైన వాక్యం ఎప్పుడూ దొరుకుతూనే ఉంటుంది.

ఆ గాయం మనకు దూరమైనది కాదు. ఇథియోపియాలో పుట్టి, చేతులు మారుతూ అమ్ముడుపోయి దక్కనుకు చేరిన బాలుడు మలిక్ అంబర్. పెద్దవాడై అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, మొగలులను ఎదిరించి, తరువాత ఔరంగాబాదు అయిన ఖడ్కీ నగరాన్ని నిర్మించి 1626లో మరణించాడు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అని పిలిచే పేట నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం పేరున వెలసినదే. ఆ సిద్దీ కుటుంబాల సంతతి ఈనాటికీ అక్కడ ఉన్నది. మనతోపాటు అదే మసీదులో అదే వరుసలో నిలబడే ఆ సోదరునికి పిల్లనివ్వడానికి, ఇల్లు అద్దెకివ్వడానికి వెనుకాడే ఇండ్లు ఉన్నవంటే ఆ బజారు పూర్తిగా మూతపడలేదన్నమాట.

పొలిమేరలో ఆగిన బండి

మోటుపల్లి నుండి తిరిగి వస్తుండగా రైలులో ఒక విద్యార్థి చాలాసేపు మౌనంగా ఉండి ఒక లెక్క అడిగాడు. అతని తండ్రి నాలుగెకరాలలో పత్తి వేసే రైతు. “హజ్రత్, ముప్పైలో ఒక వంతు అంటే క్వింటాలుకు ఎంత?” అన్నాడు. మూడు కిలోల మూడు వందల గ్రాముల పైచిలుకు అని చెప్పాము. కాసేపాగి, “ఆ రాజు సుంకం అదే గదా. మా నాయన పత్తికి తేమ ఉన్నదని, బస్తా బరువని చెప్పి తరుగు కిందనే అంతకు మించి తీసిన రోజులున్నయి. రాతి మీద ఎక్కడా రాసి లేదు. కాంటా దగ్గర ఆయన చెప్పిందే లెక్క” అన్నాడు.

ఆ పిల్లవాని మాటకు మా దగ్గర తయారు జవాబు లేదు. హదీసు మాత్రం ఉన్నది. ఊరికి సరుకు తెచ్చే బిడారులను దారిలోనే ఎదుర్కొని, బజారు ధర తెలియకముందే కొనివేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అట్లా కొంటే, బజారుకు చేరి ధర తెలుసుకున్న తరువాత బేరాన్ని రద్దు చేసుకొనే హక్కు అమ్మినవానికి ఉంటుందని మరొక ఉల్లేఖనం చెబుతుంది. హనఫీ పండితులు దీనిని వివరిస్తూ, ధరను దాచిపెట్టడం వల్ల గాని, ఊరివారికి నష్టం కలగడం వల్ల గాని ఈ బేరం మక్రూహ్ అవుతుందన్నారు. ఈ అధ్యాయాన్ని మేము ఏటేటా బోధిస్తాము. ఒంటెలను, ఎడారిని వర్ణించి చెబుతాము. అయితే ఆ ఒంటె మా జిల్లాలో ఎడ్లబండి, ఆటో రూపంలో నడుస్తున్నది.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో అంగడి ఉన్న రోజున తెల్లవారుజామున దారి కూడళ్ళలో నిలబడి చూడండి. గోండు, కోలాము స్త్రీలు ఇప్పపువ్వు, కరక్కాయ, చీపుర్లు, బంక, చింతపండు నెత్తికెత్తుకొని కొండ దిగి వస్తారు. అంగడికి చేరకముందే వారిని ఆపి, గంప దింపించి, నాలుగు నోట్లు చేతిలో పెట్టి పంపేవారు ఉన్నారు. అంగడిలో ఏ ధర పలుకుతున్నదో ఆమెకు తెలిసే అవకాశమే ఇవ్వరు. రాయితో తూచేవాడు రాయిని నమ్మమంటాడు, డబ్బాతో కొలిచేవాడు డబ్బాను నమ్మమంటాడు. ఆపినవానికి మతభేదం లేదు. వారిలో మన పేర్లు పెట్టుకున్నవారూ ఉన్నారని చెప్పక తప్పదు.

ఇది ఈనాటిది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తరువాత, నిజాం ప్రభుత్వం ఆదివాసుల స్థితిని పరిశీలించడానికి హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను నియమించినది. అటవీ అధికారుల ఆంక్షలతోపాటు షావుకార్ల అప్పులు, భూములు చేజారడం ఆ ప్రజల దుఃఖానికి కారణాలని ఆయన రాశాడు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది, అటవీ ఉత్పత్తులను నేరుగా, ప్రకటించిన ధరకు కొనడానికే. తూనిక యంత్రాలకు ప్రభుత్వ ముద్ర ఉండాలని చట్టం ఉన్నది. రాతి శాసనాలకు మన కాలంలో కొదవలేదు. చదివి నిలబడేవారు కావాలి.

తూకం ఇంటి నుండే మొదలు

ఇస్లామీయ చరిత్రలో బజారు మసీదుకు వెలుపలి విషయం కాదు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) బజారు వ్యవహారాలలో కొంత బాధ్యతను షిఫా బింతె అబ్దుల్లాహ్ (రజి) అనే విద్యావతికి అప్పగించినట్లు ఉల్లేఖనాలు ఉన్నవి. త్రాసు సరిగా ఉన్నదా లేదా అని చూడడం ఆనాడు ఒక స్త్రీ చేయదగిన ఇబాదత్. ఈ పత్రికను చదివే తల్లులు, సోదరీమణులు తమ వాకిట జరిగే బేరాన్ని ఒకసారి అట్లా చూడాలని మా మనవి.

పెద్ద దుకాణంలో చీటీ అంటించిన ధరకు మారుమాట లేకుండా చెల్లిస్తాము. చీపుర్లు తెచ్చిన కోలాము అవ్వ దగ్గర మాత్రం పది రూపాయల కొరకు పావుగంట వాదిస్తాము. సాయంత్రం పొద్దుగూకేవేళ ఆమెకు తిరుగు బస్సు తప్పిపోతుందని తెలిసి, ఆ తొందరను మన లాభంగా మార్చుకుంటాము. గాలివానకు పగిలిన ఓడకు, బస్సు తప్పిపోతుందని కంగారుపడే అవ్వకు ఏమి భేదమున్నది? ఆపదలో ఉన్నవాని సొమ్ము తీసుకోవడమే రెండూ. తమకు రావలసినది నిండుగా కొలిచి తీసుకొని, ఇతరులకు ఇవ్వవలసినప్పుడు తగ్గించేవారి వినాశాన్ని దివ్యఖుర్ఆన్ ఒక సూరా ప్రారంభంలోనే ప్రకటించినది. ఆ హెచ్చరిక కిరాణా దుకాణదారునికి మాత్రమే కాదు, గుమ్మంలో నిలబడి కొనేవారికి కూడా.

అందుచేత మా మదరసాలో ఒక చిన్న పని మొదలుపెట్టాము. అంగడి రోజు ఉదయం ఇద్దరు విద్యార్థులు ఆనాటి ధరలను కనుక్కొని, అంగడికి వచ్చే దారిలో ఒక నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి పెడుతున్నారు. గోండీ తెలిసిన ఒక పిల్లవాడు, చదవరానివారికి నోటితో చెబుతున్నాడు. పత్తి రైతు కొడుకు ముద్ర ఉన్న చిన్న కాంటా ఒకటి పక్కన పెట్టాడు. కావలసినవారు తమ గంపను ముందే తూచుకొని బరువు తెలుసుకొని వెళ్ళవచ్చు. మొదటివారం ఒక వ్యాపారి వచ్చి, “మీకెందుకు మౌలానా ఇదంతా? పిల్లలకు చదువు చెప్పుకోండి” అన్నాడు. చదువే చెబుతున్నాము భాయీ, ఇది ఫలానా కితాబులో ఫలానా అధ్యాయం అని జవాబిచ్చాము. రెండోవారం నల్లబల్ల మీద రాసినది ఎవరో చెరిపారు. పిల్లలు మళ్ళీ రాశారు.

పాఠకులు తమ ఊళ్ళలో ఇంతమాత్రం చేయగలరు. నల్లబల్ల లేకపోతే గోడ ఉన్నది. మసీదు కమిటీలు జుమా రోజున ప్రకటించే మాటలలో ఆనాటి పత్తి ధర ఒక్కటి చేర్చితే నేరమేమీ కాదు. దుకాణం ఉన్న సోదరులు తమ త్రాసు ముల్లును కొనేవారి వైపు తిప్పి పెట్టవచ్చు. సరుకులో లోపముంటే అడగకముందే చెప్పవచ్చు. నిజాయితీపరుడైన వర్తకుడు పరలోకంలో ప్రవక్తల, సత్యసంధుల, అమరవీరుల సరసన ఉంటాడన్న శుభవార్త ఏ యుద్ధభూమిలోనో కాక, కాంటా ముందర కూర్చున్నవానికి దొరికినది. అంత గొప్ప స్థానం మూడు కిలోల తరుగుకు అమ్ముకోదగినదా అని ఎవరికి వారు లెక్క వేసుకోవాలి.

ఓ అల్లాహ్! మా త్రాసులను నిటారుగా నిలుపు. పరాయి ఊరివాడు, కొండ దిగి వచ్చినవాడు మా బజారులో నిర్భయంగా గంప దించుకొనేలా చేయి. మేము తీసుకొనేటప్పుడు ఉన్న జాగ్రత్తను ఇచ్చేటప్పుడు కూడా మాకు ప్రసాదించు. ఆమీన్.